అమ్మని ఎవరైనా అడిగారా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లకి వినిపిస్తోందా? ముందు రెండు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఆదివారం పూట ఈ విషయం వినడానికి ఇంతమంది వచ్చారంటే మీలో చాలామంది ఇళ్లల్లో ఇది ఇప్పుడు నడుస్తోందనే అర్థం, అందుకని చుట్టూ తిప్పకుండా చెప్తాను. నేను నర్సుని. హాస్పిటల్ వార్డుల్లో చేశాను, చాలా ఏళ్లుగా క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లకి వెళ్లి చూసే పని చేస్తున్నాను, ఉప్పల్ నుంచి పటాన్‌చెరు దాకా ఈ హైదరాబాద్‌లో నేను ఎక్కని అపార్ట్‌మెంట్ మెట్లు తక్కువే.

ఇవాళ మాట్లాడేది నయమయ్యే క్యాన్సర్ గురించి కాదు. తొందరగా కనిపెడితే పూర్తిగా తగ్గిపోయే క్యాన్సర్లు బోలెడు ఉన్నాయి, వాటికి ట్రీట్‌మెంట్ మానకూడదు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. నేను చెప్పేది, జబ్బు ఒంట్లో వేరే చోట్లకి పాకిపోయింది, ఇక పూర్తిగా పోదు అని తేలిన తర్వాత సంగతి. ఒక కీమో అయిపోయింది, కొన్నాళ్లు బాగున్నారు, మళ్లీ స్కాన్‌లో పెరిగింది, అప్పుడు డాక్టర్ గారు అంటారు, ఇంకో రకం మందు ఉంది, ట్రై చేద్దామా, మీరు ఇంట్లో మాట్లాడుకుని వచ్చే వారం చెప్పండి అని.

ఆ మాట అన్నప్పుడు ఆ రూమ్‌లో ఎవరున్నారో గుర్తు చేసుకోండి. పెద్ద కొడుకు ఉంటాడు, అల్లుడు ఉంటాడు, ఫోన్‌లో స్పీకర్ ఆన్ చేసి అమెరికా నుంచి చిన్న కొడుకు ఉంటాడు. అమ్మ బయట స్టీలు కుర్చీలో ఒళ్లో ఫైళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇది నేను ఎన్నిసార్లు చూశానో. గవర్నమెంట్ హాస్పిటల్‌లోనూ చూశాను, పెద్ద కార్పొరేట్ హాస్పిటల్‌లోనూ చూశాను, చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్లు అని తేడా లేదు. మందు ఎక్కించేది అమ్మ చేతికి, వాంతులు చేసుకునేది అమ్మ, జుట్టు రాలేది అమ్మకి, కానీ ఆ వారం రోజుల్లో అమ్మని తప్ప అందర్నీ అడుగుతారు. బావగారి ఫ్రెండ్ డాక్టర్‌ని అడుగుతారు, గూగుల్‌ని అడుగుతారు, మేనమామని అడుగుతారు. నేను ఇంటికి వెళ్లినప్పుడు మొట్టమొదట అడిగేది ఇదే, అమ్మని ఎవరైనా అడిగారా అని. చాలా ఇళ్లల్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు.

ఎందుకు అడగరో నాకు తెలుసు, ప్రేమ లేక కాదు. తెలిస్తే తట్టుకోలేదు, తిండి మానేస్తుంది, ధైర్యం పోతే ఉన్న నాలుగు నెలలు కూడా ఉండదు అని భయం. అందుకే గుమ్మంలోనే నన్ను ఆపేసి గుసగుసగా చెప్తారు, సిస్టర్, నాన్నకి అల్సర్ అని చెప్పాం, మీరు ఆ మాట మాత్రం ఎత్తొద్దు అని. సరే అంటాను, లోపలికి వెళ్తాను, తలుపు వేయగానే ఆయనే అడుగుతాడు. ఒక పెద్దాయన, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయినాయన, నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడంటే, "నాకు గీ రోగమేందో ఎర్కలేదనుకుంటున్నరు బిడ్డా. నెల రోజులు రెడ్ హిల్స్‌ల కరెంట్ పెట్టిచ్చిండ్రు. గా గేటు మీద బోర్డు నేను సదవలేనా? పిల్లలు ఏడుస్తరని నేనే ఊకుంటున్న." కరెంట్ అంటే రేడియేషన్, రెడ్ హిల్స్ అంటే అక్కడున్న గవర్నమెంట్ క్యాన్సర్ హాస్పిటల్, ఎంఎన్‌జే. ఎంఎన్‌జే అంటే ఏంటో ఈ రాష్ట్రంలో తెలియని ముసలాయన ఎవరండీ, 1955 నుంచి ఉన్న హాస్పిటల్ అది. పక్క బెడ్ వాళ్లు మాట్లాడుకుంటారు, తన ఒంటి సంగతి తనకి తెలుస్తుంది, నిన్నటికి ఇవాల్టికి బాత్రూమ్ దాకా నడవడంలో తేడా తెలుస్తుంది. అంటే ఆ ఇంట్లో ఆయనకీ తెలుసు, పిల్లలకీ తెలుసు, ఒకరి కోసం ఒకరు తెలియనట్టు ఉంటున్నారు, దాంతో ఆయన ఆ భయం అంతా ఒక్కడే మోస్తున్నాడు, రాత్రిళ్లు సీలింగ్ చూస్తూ పడుకుంటున్నాడు, పక్కన ఇంతమంది ఉండి కూడా.

అలా అని వెళ్లి రిపోర్ట్ మొత్తం చదివి వినిపించేయమని నేను చెప్పట్లేదు. అది కూడా క్రూరమే. ముందు ఆయనకి ఎంత తెలుసుకోవాలని ఉందో అడగండి. "నాన్నా, డాక్టర్ గారు స్కాన్ గురించి చెప్పారు, నీకు అన్నీ వివరంగా తెలుసుకోవాలని ఉందా, లేకపోతే మేం చూసుకుంటామా?" ఇంతే. కొంతమంది నిజంగానే వద్దంటారు, మా పెద్దోడు చూసుకుంటాడు, నాకేం చెప్పకండి అంటారు. అది కూడా ఆయన తీసుకున్న నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. కానీ ఆయన నోటితో ఆయన ఆ బాధ్యత మీకు ఇవ్వడం వేరు, మీరే ఆయన దగ్గర్నుంచి లాక్కోవడం వేరు. ఎంత చెప్పాలి అన్నది ఒక్క రోజులో అయ్యే పని కూడా కాదు, ఇవాళ కొంచెం, వచ్చే వారం కొంచెం, ఆయన అడిగినంత మేర.

ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఇక్కడ చాలా కుటుంబాలు ఒకే ప్రశ్న అడుగుతాయి, "ఇంకేమైనా ట్రీట్‌మెంట్ ఉందా సార్?" అని. ఈ ప్రశ్నకి దాదాపు ఎప్పుడూ ఉంది అనే జవాబు వస్తుంది, ఎందుకంటే ఏదో ఒక మందు ఎప్పుడూ ఉంటుంది. అడగాల్సింది, ఈ మందు దేని కోసం ఇస్తున్నారు, జబ్బు పోవడానికా, కొన్నాళ్లు ఆపడానికా, బాధ తగ్గించడానికా అని. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ కాదు. అమెరికాలో 2012లో ఒక పెద్ద స్టడీ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, ఊపిరితిత్తుల క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్ బాగా పాకిపోయి కీమో తీసుకుంటున్న 1193 మందిని అడిగితే, ఊపిరితిత్తుల వాళ్లలో 69 శాతం, పెద్దపేగు వాళ్లలో 81 శాతం మందికి ఆ కీమోతో జబ్బు పూర్తిగా పోయే అవకాశం దాదాపు లేదన్న సంగతి అర్థం కాలేదు. అన్నీ మొహం మీద చెప్పేస్తారు అని మనం అనుకునే దేశంలో సంగతి ఇది. పేషెంట్‌ని బయట కూర్చోబెట్టే మన దగ్గర ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

దేని కోసమో తెలిశాక, ఈ మందు తీసుకుంటే ఎలా ఉండొచ్చు, తీసుకోకపోతే ఎలా ఉండొచ్చు అని రెండూ అడగండి. బాగా జరిగితే ఎలా ఉంటుంది, బాగా జరగకపోతే ఎలా ఉంటుంది, మామూలుగా ఎక్కువమందికి ఏమవుతుంది, ఈ మూడూ విడివిడిగా చెప్పమనండి. ఎందుకంటే మనం బాగా జరిగింది ఒక్కటే విని ఇంటికి వచ్చేస్తాం, ఎవరో ఒకాయన ఇదే మందుతో రెండేళ్లు బతికాడట అని. ఎన్ని నెలలు అని అంకె అడిగితే చాలామంది డాక్టర్లు చెప్పరు, చెప్పినా అది అంత కచ్చితంగా ఉండదు. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, హాస్పిస్‌లో, అంటే చివరి దశ పేషెంట్లని చూసుకునే చోట, చేర్పించిన పేషెంట్లు ఎంతకాలం ఉంటారో డాక్టర్లని ముందే అంచనా వేయమన్నారు, 63 శాతం అంచనాలు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఆశతో ఉన్నాయి, సరిగ్గా వచ్చినవి 20 శాతమే, పైగా పేషెంట్‌తో పరిచయం ఎంత ఎక్కువ కాలం ఉంటే అంచనా అంత తప్పింది. డాక్టర్లూ మనుషులే కదా, తెలిసినవాళ్ల గురించి చెడు అనుకోలేరు. అందుకని నేను కుటుంబాలకి ఏం చెప్తానంటే, అంకె అడక్కండి, సంవత్సరాల లెక్కా, నెలల లెక్కా, వారాల లెక్కా, రోజుల లెక్కా అని అడగండి, దీనికి చాలామంది డాక్టర్లు నిజాయితీగా జవాబు చెప్తారు, మీకు కావాల్సింది కూడా అంతే.

ఇంకోటి, మనిషి ఎంత లేచి తిరుగుతున్నారు అన్నది డాక్టర్లు 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు, పర్ఫార్మెన్స్ స్టేటస్ అంటారు. 0 అంటే మామూలుగా అన్ని పనులూ చేసుకుంటున్నారు, 4 అంటే పూర్తిగా మంచానికే. మెలకువగా ఉన్న టైమ్‌లో సగం కంటే ఎక్కువ సేపు మంచంలోనో కుర్చీలోనో గడుస్తోందంటే 3. ఆ స్థితికి వచ్చాక మామూలు కీమో వల్ల మేలు కంటే ఇబ్బందే ఎక్కువ అవుతుంది, చాలా మంది క్యాన్సర్ డాక్టర్లు ఇవ్వడానికి వెనకాడేది అందుకే. "మా నాన్నది ఇప్పుడు ఎంత సార్?" అని అడగండి, అడిగితే చెప్తారు. ముందు వాడిన కీమో పని చేయక, ఇక మహా అయితే ఆరు నెలలు అనుకున్న పేషెంట్ల మీద 2015లో జామా ఆంకాలజీ అనే మెడికల్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, అందులో ఓపిక బాగా తగ్గినవాళ్లకి మళ్లీ కీమో ఇచ్చినా జీవితం ఏమీ మెరుగుపడలేదు, అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఏంటంటే, అప్పటికి ఇంకా బాగానే తిరుగుతున్నవాళ్లలో కీమో తీసుకున్నవాళ్ల చివరి వారం, తీసుకోనివాళ్లతో పోలిస్తే ఎక్కువ కష్టంగా గడిచింది.

కానీ ఒక్క మాట, నాలుగో స్టేజ్ అన్నంత మాత్రాన ఆపేయాలి అని మీరు ఇక్కడి నుంచి వెళ్లకూడదు. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు, జీన్ టెస్ట్‌లో కొన్ని మార్పులు కనిపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్లు, రోజూ వేసుకునే టాబ్లెట్‌తోనే ఏళ్ల తరబడి అదుపులో ఉంటున్నాయి ఇప్పుడు. అందుకే ముందు రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. నిమ్స్‌లో తీసుకోవచ్చు, ఎంఎన్‌జేలో తీసుకోవచ్చు, బసవతారకంలో తీసుకోవచ్చు, లేకపోతే ముంబై టాటా మెమోరియల్ హాస్పిటల్, దేశంలోని క్యాన్సర్ హాస్పిటళ్ల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ వాళ్లతో కలిసి నడిచే నవ్య అని ఆన్‌లైన్ సర్వీస్ ఉంది, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే అక్కడి నిపుణుల సలహా వస్తుంది. ముసలావిడని రైల్లో కూర్చోబెట్టి ముంబై తీసుకెళ్లక్కర్లేదు. రెండో సలహా ఒకటి చాలు. అయిదో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారంటే మీరు సలహా కోసం వెళ్లట్లేదు, మీకు కావాల్సిన మాట ఎవరు అంటారా అని వెతుకుతున్నారు, ఆ తిరుగుడులో అమ్మ అలిసిపోతుంది.

సరే, డాక్టర్ చెప్పింది తెలిసింది. ఇప్పుడు అసలు పని. ఇంట్లో అమ్మ దగ్గర కూర్చుని, టీవీ ఆపేసి, "కీమో తీసుకుంటావా వద్దా" అని అడిగితే ఆవిడ ఏం చెప్తుంది, "మీ ఇష్టం నాయనా" అంటుంది. జీవితమంతా మీ ఇష్టం అన్న మనిషి ఇవాళ కొత్తగా నా ఇష్టం అనదు. కాబట్టి మందు గురించి అడక్కండి, రోజుల గురించి అడగండి. ఇప్పుడు నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఏంటమ్మా. దేనికి భయమేస్తోంది. ఈ నాలుగైదు నెలల్లో ఏది జరిగితే నీకు తృప్తిగా ఉంటుంది. ఏది మాత్రం అస్సలు జరగకూడదు అనుకుంటున్నావు. ఇవి అడిగి ఊరుకోండి. మౌనం వస్తే దాన్ని మీరు మాటలతో నింపొద్దు, ఆవిడే చెప్తుంది, ఒక్కోసారి మర్నాడు పూలు కడుతూ చెప్తుంది.

మల్కాజిగిరిలో ఒకావిడ, కడుపులో క్యాన్సర్. మనవరాలికి ఓణీల ఫంక్షన్ రెండు నెలల్లో ఉంది, ఆ రోజు పీట దగ్గర తను కూర్చుని అక్షింతలు వేయాలి, అది తప్ప నాకేం వద్దు అంది. అప్పుడు డాక్టర్‌తో మాట్లాడటం ఎంత తేలికైందో చూడండి, ఆవిడ అక్కడిదాకా కాస్త ఓపికగా ఉండాలి, దానికి ఈ మందు పనికొస్తుందా రాదా? తక్కువ డోస్‌లో రెండు సైకిల్స్, అంటే రెండు విడతల కీమో, ఇచ్చి, ఫంక్షన్‌కి ముందు మూడు వారాలు గ్యాప్ ఇచ్చారు. కూర్చుంది, అక్షింతలు వేసింది, ఆ తర్వాత చాలు అని తనే అంది. ఇంకొకాయన, నల్గొండ వైపు, నాకు ఊరికి పోయి నా ఇంటి అరుగు మీద పడుకోవాలి, ఈ అయిదో అంతస్తు నాకొద్దు అన్నాడు, ఆయనకి కీమో అక్కర్లేదు, ఆక్సిజన్, నొప్పి మందులు ఊరికి చేర్చే ఏర్పాటు కావాలి. మరొకాయన, లెక్కల మాస్టారు, నాకు ఒక్క శాతం అవకాశం ఉన్నా తీసుకుంటాను, చివరి రోజు దాకా పోరాడతాను, నా స్వభావం అంతే అన్నాడు. అన్నీ తెలిసి అన్నాడు. ఆయనకి ట్రీట్‌మెంట్ ఇప్పించడమే సరైన పని, మేమూ అలాగే పక్కన నిలబడ్డాం, వాంతులు, నొప్పి చూసుకుంటూ.

డబ్బు గురించి మాట్లాడకపోతే ఇదంతా అబద్ధం అవుతుంది. మన ఇళ్లల్లో అమ్మానాన్నలు వద్దు అన్నారంటే ముందుగా అనుమానించాల్సింది అదే. ఘట్‌కేసర్ ప్లాట్ అమ్ముతున్నారని పక్క గదిలోంచి వినపడి ఉంటుంది, కోడలి గాజులు చేతికి లేవని చూసి ఉంటారు. అప్పుడు వాళ్లు అనే వద్దు, అలసిపోయి అనే వద్దు కాదు, మీకు భారం కాకూడదని అనే వద్దు. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి. విడదీయాలంటే నేరుగా అడగాలి, "నాన్నా, ఇది పైసా ఖర్చు లేకుండా ఫ్రీగా ఇస్తారనుకో, అప్పుడైనా తీసుకుంటావా?" తీసుకుంటా అంటే సమస్య డబ్బు, దానికి దారి వెతుకుదాం. ఫ్రీ అయినా వద్దు, ఆ సూదులు ఇక పడలేను అంటే అది ఆయన మాట, విని తీరాలి. దారి అంటే, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు, అర్హత ఉన్న కుటుంబాలకి కీమో, రేడియేషన్, ఆపరేషన్ చాలావరకు అందులో వస్తాయి. కానీ కొత్తగా వచ్చిన ఖరీదైన మందులు అన్నీ రావు, అందుకని మొదలుపెట్టకముందే హాస్పిటల్‌లో ఈ స్కీమ్ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి ఫలానా మందు వస్తుందా, ఎన్ని సైకిల్స్ వస్తుంది అని అడగండి. రెండు సైకిల్స్ అయ్యాక డబ్బుల్లేక ఆపడం కంటే బాధ ఇంకోటి లేదు. ప్లాట్ నాన్న పేరు మీద ఉంటే దాన్ని అమ్మాలా వద్దా అన్నది కూడా ఆయనకే తెలియాలి, ఆ ప్లాట్ ఎవరి కోసం కొన్నాడో ఆయన మనసులో ఉంటుంది.

అన్నదమ్ముల సంగతి. దూరంగా ఉన్నవాళ్లు ఎక్కువ ట్రీట్‌మెంట్ కావాలంటారు, దగ్గరుండి చూసేవాళ్లు చాలు అంటారు, ఇది దాదాపు ప్రతి ఇంట్లో నేను చూసేదే. దూరంగా ఉన్నవాళ్లకి అమ్మ వీడియో కాల్‌లో కనిపిస్తుంది, ఆ పది నిమిషాలు అమ్మ దుప్పటి సర్దుకుని, బొట్టు పెట్టుకుని, బాగానే ఉన్నా నాన్నా అంటుంది. ఫోన్ పెట్టేశాక ఏమవుతుందో చూసేది కూకట్‌పల్లిలో ఉన్న పెద్ద కొడుకూ కోడలూ. రాత్రి రెండింటికి బకెట్ పట్టుకునేది ఆ అమ్మాయి, మీటింగ్‌లో మాత్రం ఆ అమ్మాయికి మాట ఉండదు. దయచేసి ఆ అమ్మాయిని కూడా కూర్చోబెట్టండి, అమ్మ ఒంటి గురించి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది తనకే. అమెరికా కొడుకు మీద కూడా కోపం వద్దు, ఆయన రాలేకపోతున్నాడు, రాలేనివాడు పంపగలిగింది డబ్బే, అందుకే డబ్బుతో అయ్యే పనినే పట్టుకుంటాడు. ఆయన్ని వారం రోజులు వచ్చి దగ్గర కూర్చోమనండి, ఆ వారంలో ఆయనకే అర్థమవుతుంది. రావడం కుదరకపోతే, ఆ ఫ్యామిలీ కాల్ అమ్మ మంచం పక్కనే పెట్టండి, అమ్మ చెప్పేది ఆయన చెవిన పడాలి.

ఇక నలుగురూ ఏమనుకుంటారు అన్నది. కీమో ఆపేశారట, డబ్బులకి చూసుకున్నారట అని ఎవరో ఒకరు అంటారు. అంటారు, నిజమే. ఆ మాటకి భయపడి అమ్మకి ఆరు సూదులు ఎక్కువ పొడిపించడం న్యాయం కాదు. చూడ్డానికి వచ్చేవాళ్లు పసరు మందులు, ఆకు రసాలు కూడా తెస్తారు, మందులో ఏముందో తెలియకుండా తాగించొద్దు, లివర్ అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించి అడగండి.

ఇప్పుడు నా పని గురించి, పాలియేటివ్ కేర్, అంటే జబ్బు వల్ల వచ్చే నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే వైద్యం. చేతులెత్తేశాక పంపించే చోటు అనుకుంటారు దీన్ని. నాకు చాలా బాధ కలిగించే అపోహ ఇది. 2010లో అమెరికాలో బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిపోయిన 151 మందిని రెండు గుంపులు చేశారు, ఒక గుంపుకి మామూలు క్యాన్సర్ ట్రీట్‌మెంట్, ఇంకో గుంపుకి దాంతోపాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్. రెండో గుంపులో దిగులు తగ్గింది, చివర్లో ఒళ్లు హూనం చేసే ట్రీట్‌మెంట్లు తక్కువ తీసుకున్నారు, అయినా వాళ్లే ఎక్కువ కాలం ఉన్నారు, వాళ్లలో సగం మంది 11.6 నెలలు దాటారు, అవతలి గుంపులో అది 8.9 నెలలు. కాబట్టి కీమో నడుస్తుండగానే మా దగ్గరికి రండి. ఎంఎన్‌జేలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు, జిల్లాల్లో గవర్నమెంట్ పాలియేటివ్ కేర్ సెంటర్లు ఉన్నాయి, ఇంటికి వచ్చి చూసే టీములు ఉన్నాయి.

మార్ఫిన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే దాని పేరు చెప్పగానే మొహాలు మారిపోతాయి. 1985 నాటి నార్కోటిక్ చట్టం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలో హాస్పిటళ్లు దాన్ని పెట్టుకోవడానికే భయపడ్డాయి, 2014లో చట్టం సవరించాక గుర్తింపు ఉన్న హాస్పిటళ్లకి సులువైంది. నోటితో వేసుకునే టాబ్లెట్ అది, ఖరీదు చాలా తక్కువ, నొప్పికి తగ్గట్టు డోస్ పెంచుకుంటూ పోతారు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడితే వ్యసనం అవడం అరుదు. అది వేసుకుంటే చనిపోతారు అన్నది అబద్ధం. మొదటి కొన్ని రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, అది సర్దుకుంటుంది, మలబద్ధకం మాత్రం సర్దుకోదు, దానికి మొదటి రోజు నుంచే మందు ఇవ్వాలి, ఇది మర్చిపోవద్దు. ఎముకకి పాకిన నొప్పి అయితే చాలామందికి ఒక్కసారి కరెంట్ పెట్టినా తగ్గుతుంది, పదిసార్లు తిరగక్కర్లేదు. కడుపులో నీరు చేరితే తీస్తారు, ఆయాసానికి మందు ఉంది. అందుకే ఇంట్లో "ట్రీట్‌మెంట్ ఆపేద్దాం" అన్న మాట అనొద్దండి, అది వినేవాళ్లకి నిన్ను వదిలేస్తున్నాం అని వినపడుతుంది. "కీమో ఆపుదాం నాన్నా, నీ నొప్పి, నీ నిద్ర, నీ ఆయాసం మేం చూసుకుంటూనే ఉంటాం" అనండి, నిజం కూడా అదే.

తిండి గురించి కూడా. తినకపోతే బలం ఎలా అని అన్నం కలిపి నోట్లో కుక్కుతారు. జబ్బు ముదిరినప్పుడు ఒంటికే తిండి అక్కర్లేకుండా పోతుంది, ఆకలి చచ్చిపోవడం జబ్బు చేసే పని, తినకపోవడం వల్ల జబ్బు పెరగట్లేదు. బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ప్రమాదం. చివరి రోజుల్లో సెలైన్ ఎక్కించినా ఒళ్లు ఉబ్బడం, ఆయాసం పెరగడమే ఎక్కువ. అడిగితే రెండు చెంచాల పెరుగన్నం, పెదాలు తడిపే నీళ్లు, అంతే చాలు. పెట్టకుండా ఉండటం మన అమ్మలకి, మనకి ఎంత కష్టమో నాకు తెలుసు, అన్నం పెట్టడమే ప్రేమ మన ఇళ్లల్లో.

వెంటిలేటర్ సంగతి ముందే మాట్లాడుకోండి, అర్ధరాత్రి అంబులెన్స్‌లో కాదు. 2018 మార్చిలో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పింది, కోలుకునే ఆశ లేనప్పుడు నాకు ఇలాంటివి పెట్టొద్దు అని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు అంది. అప్పట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, అది ఎవరివల్లా కాలేదు, 2023 జనవరిలో మార్చారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు, తన తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్ల పేర్లు కూడా అందులో రాయాలి. తర్వాత హాస్పిటల్‌లో రెండు మెడికల్ బోర్డులు చూసి ఒప్పుకోవాలి, ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. ప్రాణం తీయడం దీంట్లో లేదు. కాగితం ఒక కాపీ మీ డాక్టర్‌కి ఇవ్వండి, ఇంకోటి ఫైళ్ల సంచిలోనే పెట్టండి, బీరువాలో దాస్తే ఆ టైమ్‌కి దొరకదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభ నుంచి ఒకాయన: మా నాన్న ఒకరోజు కీమోకి సరే అంటారు, మర్నాడు వద్దంటారు. దేన్ని నమ్మాలి?)

రెండింటినీ నమ్మండి సార్. నొప్పి ఉన్న రోజు వద్దంటారు, మనవడు వచ్చిన రోజు సరే అంటారు, ఎవరైనా అంతే కదా. ముందు ఆయన నొప్పి, నిద్ర సరిచేయించండి, మంచి నిద్ర పట్టిన నాలుగైదు రోజుల తర్వాత అడగండి. డాక్టర్‌ని, ఒక సైకిల్ తీసుకుని, స్కాన్ చూసి, అక్కడ ఆపాలో కొనసాగించాలో మళ్లీ మాట్లాడుకోవచ్చా అని అడగండి. మొదలుపెడితే చివరిదాకా తీసుకోవాల్సిందే అని ఆయన అనుకుంటూ ఉండొచ్చు, ఎప్పుడైనా ఆపొచ్చు అని తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

(ఒకామె: మా అన్నయ్యలు నాన్నకి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. నాన్నేమో నన్నే అడుగుతారు, నాకు తగ్గుతదా బిడ్డా అని. నేనేం చెప్పాలి?)

కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండి. మీరు ఒట్టు తప్పక్కర్లేదు, అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. ఈసారి నాన్న అలా అడిగితే తగ్గుతుంది నాన్నా అని వెంటనే అనకండి. "నీకెట్లనిపిస్తుంది నాన్నా?" అని అడగండి, అడిగి చెయ్యి పట్టుకుని ఊరుకోండి. ఆయన ఏమన్నా వినండి, సరిదిద్దొద్దు. ఆయన ఏం చెప్పారో అదే మాట మీ అన్నయ్యలకి చెప్పండి, నాన్న ఇలా అన్నారు అని, మీ అభిప్రాయం కలపకుండా. తెలిస్తే తట్టుకోలేరు అన్నది వాళ్ల భయం, ఆయనకి ముందే తెలుసు అని నాన్న మాటల్లోనే విన్నారంటే చాలామంది మెత్తబడతారు, నేను చూశాను. వచ్చే అపాయింట్‌మెంట్ ఎప్పుడు, గురువారమా? డాక్టర్ గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, నాన్న లోపలే కూర్చుంటారు, ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయన్నే మీరు అడగండి సార్ అని. అన్నయ్యలు ఒప్పుకోకపోతే నేను వాళ్లతో మాట్లాడతా. మీరు వెళ్లిపోకండి, ఇది అయ్యాక ఆ పక్క రూమ్‌లో కూర్చుందాం, మీ ఇల్లు ఎటువైపో చెప్పండి.